పది నుంచి అయిదు దాకా ఇల్లు కాదు

“ఏం కాదండీ, ఇంటి అడ్రసే పడేయండి,” అన్నారు ఆడిటరుగారు, ఫారంలోంచి తల ఎత్తకుండా.

‘ఏం కాదు’ అన్న మాట అంతకు ముందు మా ఇంట్లో రెండుసార్లు విన్నాను. ఒకసారి గీజరు బిగించిన మనిషి అన్నాడు. ఇంకోసారి, మా ఆయనకి కాస్త మతిమరుపు ఉందిటగా అని మా నాన్న అడిగినప్పుడు పెళ్లిళ్ల పేరయ్య అన్నాడు. అంచేత నేను జాగ్రత్తపడి ఉండాల్సింది. పడలేదు. రామచంద్రపురం, నూకలవారి వీధి, ఇంటి నంబరు నాలుగు–పన్నెండు–ఏడు అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను.

నిజానికి కంపెనీ పెట్టాలన్న సరదా నాకెప్పుడూ లేదు. నాకున్నది వత్తులు చేసే అత్తగారు. పేరు పేరిందేవమ్మ, వయసు ఎనభై రెండు. టీవీలో ఎవరు ఎవరికి విషం కలుపుతున్నా ఆవిడ కళ్లు అక్కడ, వేళ్లు ఇక్కడ. ఎదురింటి మంగతాయారూ, పక్క వాటాలో ఉండే రిటైరయిన రూతమ్మ టీచరూ సాయంత్రం పూట వచ్చి కూర్చుని చేయి కలిపేవారు. దీపం మీదే అయినా దూది అందరిదీనూ అనేది రూతమ్మ టీచరు. వాళ్లు ముగ్గురూ కట్టే మూడువందల అరవై అయిదు వత్తుల కట్టలంటే మా వీధిలో మంచి పేరు. ఏడాది పొడుగునా దీపం పెట్టడం కుదిరినా కుదరకపోయినా, కార్తీక పౌర్ణమినాడు ఆ కట్ట ఒక్కటి నేతిలో తడిపి వెలిగిస్తే రోజుకొక దీపం చొప్పున సరిపోతుందని మన నమ్మకం కదా.

ఆ పేరు ఎలా పాకిందో రాజమండ్రిలో పూజాసామగ్రి దుకాణాలున్న ఒక వ్యాపారి దాకా పాకింది. రెండువేల కట్టలు కావాలన్నాడు. నాగులచవితిలోగా దుకాణానికి చేరాలన్నాడు. ఒక్క చిక్కుంది అన్నాడు.

“మా కంప్యూటరు ఆంటీల దగ్గర కొనదండి. కంపెనీ అయితేనే కొంటుంది.”

అలా పుట్టింది దీపకళిక వత్తుల ప్రైవేట్ లిమిటెడ్. డైరెక్టర్లు ఇద్దరు: నేనూ, మా అత్తగారూ. ఆషాఢంలోనే దూది దింపుకున్నాం. శ్రావణం వచ్చేసరికి కట్టలతో నిండిన బస్తాలు మంచాల కిందికి, భాద్రపదానికి మంచాల మీదికీ చేరాయి. మంగతాయారు తన వాటాతో కొనుక్కోబోయే కుట్టుమిషను రంగు కూడా నిర్ణయించేసుకుంది. రావలసిందల్లా చిరునామా నిర్ధారణ ధ్రువపత్రం. అది లేకపోతే కంపెనీ లేదు, కంపెనీ లేకపోతే రాజమండ్రి లేదు. పౌర్ణమి దాటాక ఆ కట్టలు ఎవరిక్కావాలి? మళ్లీ ఏడాదికే.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం రెండున్నరకి చిరునామా నిర్ధారణాధికారి యాళ్ల భానుమూర్తిగారు వచ్చారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. మా హాల్లో నిలబడి అటూ ఇటూ చూశారు.

“కార్యాలయం ఎక్కడమ్మా?”

“మీరు నిలబడ్డదే అండి.”

ఆయన తన కాళ్ల వంక చూసుకున్నారు.

“ఇది ఇల్లు కదా.”

“అవునండి, ఇల్లే.”

“అయితే కార్యాలయం కాదు.”

“కార్యాలయం కూడానండి.”

ఆయన ఫారం తిరగేశారు. వెనకవైపు కూడా చూశారు.

“‘కూడా’ అనే గడి మా దాంట్లో లేదమ్మా.”

అంతలో ఆయన చూపు ఫ్యాను కింద మంచం మీద పడింది. “వీరెవరు?”

“డైరెక్టరుగారండి.”

“నిద్రపోతున్నారు.”

“రెండు నుంచి నాలుగు దాకా పోతారండి.”

ఆయన రాసుకున్నారు. కలం చప్పుడుకో ఏమో అత్తగారికి మెలకువ వచ్చింది. “ఎవరే హైమా, గ్యాసతనా?”

“కాదత్తయ్యా, ప్రభుత్వం.”

“కాళ్లు కడుక్కుని రమ్మను.”

ఆవిడ లేచి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఆయనకి ఒక కట్ట చూపించింది. ఆయన దాన్ని వెలుగులో పెట్టి చూసి, తీవ్రంగా ఆలోచించి, “మరి లీపు సంవత్సరం మాట?” అన్నారు.

“ఆ ఒక్క రోజూ మనమే పెట్టుకోవాలి నాయనా. అన్నీ కట్టకే అప్పజెప్పేస్తామా?”

ఆయన అది కూడా రాసుకున్నారు. కాఫీ ఇస్తే విధి నిర్వహణలో ముట్టనన్నారు. చెయ్యి చాపలేదు, కనుసైగ చెయ్యలేదు. అక్కడే మాకు దెబ్బ తగిలింది. ఆయన లంచం తినే మనిషే అయితే నేను చెప్పేదంతా ఇక్కడితో అయిపోయేది.

వారం తిరక్కుండా తాఖీదు వచ్చింది. మా ఆయన విస్సన్నగారు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు, పెద్ద గొంతు. చదివి వినిపించారు.

“‘సదరు ప్రాంగణమును క్రింద సంతకము చేసిన అధికారి స్వయముగా తనిఖీ చేయగా నివాస చిహ్నములు మెండుగా కానవచ్చినవి. అవి ఏవనగా, తులసికోట ఒకటి, ఆరవేసిన చీరలు రెండు, వంకాయ కూర వాసన, నిద్రావస్థలోనున్న వృద్ధ డైరెక్టరు ఒకరు. కార్యాలయ చిహ్నములైన నామఫలకము, సందర్శకుల పుస్తకము, నిరీక్షించు బల్ల మృగ్యము. కావున ఉదయము పది నుండి సాయంత్రము అయిదు వరకు నివాస చిహ్నములు కానరాకుండ చూచుకొనవలెను. ముందస్తు సమాచారము లేకుండ వచ్చు నెల మూడవ తేదీన పునఃతనిఖీ జరుపబడును.’”

చదవడం అయ్యాక ఆయన కాగితం మడిచి, “మనం దీని మీద అప్పీలు చెయ్యొచ్చు,” అన్నారు.

“ఏమనండీ?”

“ఆ వేళ నువ్వు చేసింది బెండకాయ పులుసు. వంకాయ కాదు. సాక్ష్యం తప్పు.”

అప్పీలు చెయ్యలేదు. బోర్డు రాయించాం.

ఆ మర్నాటి నుంచి మా ఇల్లు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఇల్లు కావడం మానేసేది. ముందు నేను దండెం మీద చీరలు లాగేసేదాన్ని. అత్తగారి మంచం మీద పరుపు తీసి, తెల్ల దుప్పటి పరిచి, మధ్యలో పూలకుండీ పెడితే అది సమావేశపు బల్ల. వంటింటి తలుపు మీద ‘ముడిసరుకు’ అని అట్ట తగిలించాం. దూది బస్తాలు అక్కడే ఉన్నాయి గనక అందులో అబద్ధం లేదు. తులసికోటకి ‘ప్రాంగణ సుందరీకరణ’ అని చీటీ కట్టాం. తులసికి చీటీ కట్టినందుకు అత్తగారు రోజూ ఒక దణ్ణం ఎక్కువ పెట్టేది.

వాసనదే కష్టం. పది దాటాక పోపు నిషేధం. కూరలన్నీ తొమ్మిదికే దింపేసి, కిటికీలు తెరిచి, సాంబ్రాణి వేసేదాన్ని. సాంబ్రాణి నివాస చిహ్నమా, కార్యాలయ చిహ్నమా అని మా ఆయనకి అనుమానం వచ్చింది. బ్యాంకులో కూడా వేస్తారుగా అని మంగతాయారు తీర్పు చెప్పింది.

మా ఆయన ఒంటిగంటకి కాలేజీ నుంచి భోజనానికి వస్తారు. మొదటిరోజు తిన్నగా లోపలికి రాబోతే అత్తగారు ఆపింది.

“పుస్తకంలో రాయి.”

“అమ్మా, నేనే.”

“నువ్వేనని నాకు తెలుసు. పుస్తకానికి తెలియాలిగా.”

ఆయన రాశారు. పేరు, కె. విస్సన్న. చూడవలసిన వ్యక్తి, భార్య. పని, భోజనం. రాసి లోపలికి అడుగువేయబోతే ఆవిడ నిరీక్షించు బల్ల చూపించింది.

“కూర్చో. మేడంగారు మీటింగులో ఉన్నారు.”

నేను మీటింగులో లేను, చారు వెచ్చబెడుతున్నాను. అయినా పెద్దావిడ మాట కాదనలేక అయిదు నిమిషాలు ఆగి పిలిచాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన నాకోసం కూర్చుని ఎదురుచూడడం అదే మొదలు. ఆ బల్ల మీద నాకు గౌరవం కలిగింది.

అత్తగారికి నష్టం జరిగింది మాత్రం నిద్ర దగ్గర. మంచం బల్ల అయిపోయాక ఆవిడకి నడుం వాల్చే చోటు లేదు. రెండ్రోజులు ఆవలింతలతో గడిపింది. మూడోరోజు కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఒళ్లో ఫైలు తెరిచి, వేలు ఒక పంక్తి మీద ఆనించి, హాయిగా గుర్రు పెట్టింది. నాలుగింటికి లేచాక అడిగాను, ఇదెక్కడ నేర్చుకున్నారత్తయ్యా అని.

“మీ మావగారు తాలూకా ఆఫీసులో ముప్పై ఏళ్లు చేశారే. ఒక్క చెడ్డమాట రాలేదు. పేజీ మాత్రం మధ్యమధ్య తిప్పుతుండాలి.”

వచ్చు నెల మూడవ తేదీన, ముందస్తు సమాచారం లేకుండా, భానుమూర్తిగారు వచ్చారు. సందర్శకుల పుస్తకంలో సంతకం చేశారు. బల్ల మీద కూర్చుని నిరీక్షించారు. నేను పిలిచాక లోపలికి వచ్చి ముక్కు ఎగబీల్చారు. ఏ వాసనా లేదు. కుర్చీలో అత్తగారు ఫైలు మీద వేలుంచి నిద్రలో ఉంది.

“డైరెక్టరుగారు పరిశీలనలో ఉన్నారండి,” అన్నాను.

“అవునవును,” అని ఆయన వెంటనే గొంతు తగ్గించారు. ఆ భంగిమ ఆయన ఎరిగినదే అని మొహమే చెప్పింది. మునివేళ్ల మీద నడుస్తూ సమావేశపు బల్లనీ, ముడిసరుకునీ, సుందరీకరణనీ చూశారు. వెళ్లేటప్పుడు మనస్ఫూర్తిగా అన్నారు: “చాలా సంతోషమమ్మా. ఇక్కడ మనుషులు ఉంటున్నారంటే ఎవరూ నమ్మరు.”

ఆ మాటకి వీధి వీధంతా పొంగిపోయాం. మంగతాయారు కుట్టుమిషనుకి కవరు కూడా కుట్టింది, చేత్తో.

దసరా వెళ్లిన నాలుగోరోజున రెండో తాఖీదు వచ్చింది.

“‘సదరు ప్రాంగణమునందు ఎవరును నివసించుట లేదని నిర్ధారణ అయినది. అందులకు అభినందనలు. అయితే డైరెక్టర్లు ఇరువురును తమ నివాసము అదే ప్రాంగణమని దరఖాస్తునందు పేర్కొనియున్నారు. ఎవరును నివసించని చోట తాము నివసించుచున్నామని తెలుపుట తప్పుడు సమాచారము క్రిందకు వచ్చును. డైరెక్టర్లు తాము నిజముగా ఎక్కడ నివసించుచున్నదీ ఏడు దినములలో తెలుపనిచో దరఖాస్తు మూసివేయబడును.’”

ఈసారి మా ఆయన అప్పీలు మాట ఎత్తలేదు. అత్తగారు దూది కింద పెట్టింది. ఆవిడ చేతుల్లో దూది లేకుండా ఉండడం నేను అరుదుగా చూశాను.

“అయితే యాభై అయిదేళ్లుగా నేను ఎక్కడుంటున్నట్టే?”

రూతమ్మ టీచరు వెంటనే, “నా వాటాలో ఉంటున్నారని రాసేయండి పిన్నిగారూ, నేను సంతకం పెడతాను,” అంది. మా ఆయనకీ ఆ దారే బాగుందనిపించింది. అత్తగారు ఒప్పుకోలేదు.

“ఉన్న ఇంట్లో లేనని ఇన్నాళ్లూ నటించాను, నడుం వాల్చకుండా. లేని ఇంట్లో ఉన్నానని మాత్రం రాయను. దీపానికి వత్తి చేసే చేత్తో దొంగ సంతకం పెట్టమంటావట్రా?”

ఆవిడ కాదంటే కాదే. రాజమండ్రి వ్యాపారికి ఫోన్ చేసి నాలుగు రోజులు గడువు అడిగాను. ఆయన చాలా మర్యాదగా, “నాగులచవితిని వాయిదా వేయించగలిగితే నాకేం అభ్యంతరం లేదండి,” అన్నాడు. రెండువేల కట్టలు మంచాల మీంచి నా వంక చూస్తున్నట్టే ఉంది. మర్నాడు చీర మార్చుకుని భానుమూర్తిగారి ఆఫీసుకి బయల్దేరాను.

చిరునామా నిర్ధారణ కార్యాలయం పట్టుకోవడానికి నాకు గంటన్నర పట్టింది. బోర్డు ఉన్న చోట ఆఫీసు లేదు. ఆఫీసు ఆరేళ్ల కిందట ఇంకో వీధిలోకి మారిందిట. బోర్డు మార్చడానికి కొత్త చిరునామా నిర్ధారణ కావాలిట. అది పరిశీలనలో ఉందిట. ఇదంతా కిళ్లీకొట్టు అతను చెప్పి దారి చూపించాడు.

తీరా చూస్తే అదొక పెంకుటిల్లు. వాకిట్లో ముగ్గు. ముగ్గు పక్కన తులసికోట. దండెం మీద చీరలు రెండు కాదు, అయిదు. లోపల్నించి దిబ్బరొట్టె కాలుతున్న వాసన. ఒకావిడ గుమ్మం కడుగుతోంది.

“ఇక్కడ ఆఫీసు ఎక్కడమ్మా?”

“ఆయ్, ఇదేనండి. చెప్పులక్కడ ఇడిసి రండి, ఇప్పుడే కడిగేను.”

“మీరిక్కడ ఉంటున్నారా?”

“ఆరేళ్లయిందండి. మా ఆయన రేత్రి కాపలా. ఆఫీసుతో పాటే వచ్చేం.”

“ఆఫీసులో మనుషుల్ని ఉండనిస్తారా?”

సత్తెమ్మ, అదే ఆవిడ పేరు, నన్ను జాలిగా చూసింది. “కాపలావోళ్లు ఉండాపోతే కాపలా ఎవరు కాత్తారండి?”

నేను బి.ఎస్సీ. చదివాను, మంచి మార్కులే వచ్చాయి. ఇంత సూటి వాక్యం నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

భానుమూర్తిగారి గది ఒకప్పుడు పడకగది. గోడకి కుంకుమభరిణె పెట్టుకునే గూడు ఉంది. అందులో ఆయన రబ్బరు స్టాంపులు పెట్టుకున్నారు. ఫైళ్లన్నీ పక్కన పాత వంటింట్లో పొయ్యిగట్టు మీద ఉన్నాయి. ఆయన ముందు ఆకులో దిబ్బరొట్టె ముక్క ఉంది. నన్ను చూసి ఫైలు కప్పబోయి మానేశారు.

“కూర్చోండమ్మా. ఎక్కడ నివసిస్తున్నారో చెప్పడానికి వచ్చారా?”

“చెబుతానండి. ముందు ఒక సందేహం. ఇక్కడ నివాస చిహ్నాలు మెండుగా కానవస్తున్నాయండి.”

ఆయన తొణకలేదు. పైగా ఇన్నాళ్లకి ఒక మంచి ప్రశ్న అడిగానన్నట్టు కుర్చీలో సర్దుకున్నారు.

“అది నివాసం కాదమ్మా. కాపలా. రాత్రి కాపలా సిబ్బంది కార్యాలయ ప్రాంగణంలో బస చేయవచ్చును. ఒక మంచము, ఒక పొయ్యి, కుటుంబము అనుమతింపబడును. నిబంధన పద్నాలుగు.”

“పగలు కూడా ఉంటున్నారు కదండీ?”

“రాత్రంతా మేలుకున్న మనిషి పగలు పడుకోవాలా, వద్దా? పగటి విశ్రాంతి అనుమతింపబడును. పద్నాలుగు, ఉపనిబంధన రెండు.”

“వాసనలు?”

“స్వయంపాకము వల్ల కలుగు వాసనలు పరిగణింపబడవు. ఉపనిబంధన మూడు.” ఇది చెప్పేటప్పుడు ఆయన దిబ్బరొట్టె వంక చూడలేదు.

“ఈ నిబంధన మీ ఆఫీసుకేనాండీ, అన్ని ఆఫీసులకీనా?”

ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు నిజమైనది, అది ఒప్పుకోవాలి. “నిబంధనకి పక్షపాతం ఉండదమ్మా. చిన్నా పెద్దా, ఏ కార్యాలయానికైనా ఒక్కటే.”

“అయితే ఆ కాగితం నకలు ఒకటి ఇప్పిస్తారా?”

ఆయన స్వయంగా లేచి వెళ్లి, పొయ్యిగట్టు మీంచి ఆ ఫైలు తీసి, నకలు ఇప్పించారు. సత్తెమ్మ నాకూ ఒక ముక్క దిబ్బరొట్టె పెట్టింది. పరిగణించకుండా తిన్నాను.

ఆ సాయంత్రం సమావేశపు బల్ల మీద, అంటే అత్తగారి మంచం మీద, దీపకళిక వత్తుల ప్రైవేట్ లిమిటెడ్ అత్యవసరంగా సమావేశమైంది. డైరెక్టరు పేరిందేవమ్మగారు రాత్రి కాపలాదారుగా పేరిందేవమ్మగారిని నియమించారు. సహాయ కాపలాదారు నేను. మా ఆయనకి మాత్రం ఏ పదవీ దొరకలేదు. నిబంధన పద్నాలుగులో ఆయన ‘కుటుంబము’ అనే మాట కింద వచ్చారు. దానికి రెండ్రోజులు ముభావంగా ఉన్నారు.

“నాకు కర్రా, టార్చిలైటూ కావాలి,” అంది అత్తగారు, నియామకపు కాగితం మీద సంతకం చేస్తూ.

“ఎందుకమ్మా నీకు?” అన్నారు ఆయన.

“ఉద్యోగం ఊరికే చెయ్యమంటావా? యాభై అయిదేళ్లు ఈ ఇల్లు ఉత్తచేతుల్తో కాపలా కాశాను. ఒక్క కాగితం ఇచ్చినవాడు లేడు.”

డైరెక్టర్ల నివాసం అన్న చోట ‘కంపెనీ కాపలాదారుల బస, వెనక గుమ్మం’ అని రాసి పంపాం. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆవిడ నిద్ర ఆవిడకి వచ్చింది. నా పోపు నాకు వచ్చింది. చీరలు దండెం ఎక్కాయి.

దీపావళి మర్నాటి మర్నాడు, కార్తీక విదియనాడు, ధ్రువపత్రం వచ్చింది. గుండ్రటి ముద్ర, ఊదారంగు. కింద షరతులు సన్నటి అక్షరాల్లో ఉన్నాయి: ‘సాయంత్రము అయిదు గంటలకు కార్యాలయము విధిగా మూయబడవలెను. అయిదు దాటిన పిమ్మట ఎట్టి క్రయవిక్రయములు జరుపరాదు. కాపలాదారుల బసయందు ఏ వేళనైనను వ్యాపారము నిషిద్ధము.’ వ్యాపారి కంప్యూటరుకి నంబరు చెప్పగానే అది మమ్మల్ని కొనడానికి ఒప్పుకుంది. చవితి ముందురోజు ట్రాలీ ఆటోలో బస్తాలెక్కించాం. మంగతాయారు ప్రతి బస్తానీ ఒకసారి తట్టింది. మేం వాడుకోవడానికి అయిదు కట్టలు మాత్రం అట్టేపెట్టాం.

పౌర్ణమి వచ్చింది. సాయంత్రం అయిదున్నర అయింది. వెనకవైపు తులసికోట దగ్గర నేను ప్రమిదలు సర్దుతున్నాను. ఆఫీసుకని చీటీ కట్టిన కోటే అది. బస తాలూకు పెరట్లోకి మేమే జరుపుకున్నాం. అత్తగారు ముందు వరండాలో కుర్చీ వేసుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని, ఉద్యోగం చేస్తోంది. గేటు దగ్గర స్కూటరు ఆగిన చప్పుడైతే నేను హాల్లోకి వచ్చి కిటికీలోంచి తొంగి చూశాను.

భానుమూర్తిగారు. వెనక ఆయన భార్య, పట్టుచీరలో, పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్న మొహంతో.

“మామ్మగారూ, ఒక్క కట్ట కావాలండీ. ఊరంతా తిరిగాం, ఎక్కడా లేవు. సరుకంతా రాజమండ్రి వెళ్లిపోయిందంటున్నారు.”

అత్తగారు టార్చి వేసి ఆయన మొహం చూసింది. ఇంకా వెలుతురు ఉంది, అయినా వేసింది.

“ఆఫీసు మూసేశారు నాయనా. అయిదు దాటింది.”

“నేనండీ, భానుమూర్తిని.”

“తెలుసు. అందుకే చెబుతున్నా. ఇంకెవరైనా అయితే పోనీలే పాపం అని ఇచ్చేసేదాన్ని.”

ఆయన గేటు పట్టుకుని నిలబడ్డారు. నిబంధన తనదే అయినప్పుడు మనిషి నిలబడే తీరు వేరుగా ఉంటుంది. నెమ్మదిగా, “రేపు పది గంటలకి తెరుస్తారాండీ?” అన్నారు.

“ఠంచనుగా తెరుస్తాం. రేపు పాడ్యమి.”

ఆయన భార్య ఆయన వైపు చూసింది, అంతే. “మీరే రాశారా ఇది?” అని అడగకుండా అడిగిన చూపు అది. ఆయన స్కూటరు తాళంచెవి వెతుక్కోవడం మొదలుపెట్టారు. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది.

అత్తగారు కర్ర ఊతంగా లేచింది.

“అమ్మాయీ, చుట్టూ తిరిగి వెనక గుమ్మంలోంచి రా. అతన్ని కూడా తీసుకురా. అటు ఇల్లు.”

ఇద్దరూ సందులోంచి వెనక్కి వచ్చారు. అత్తగారు మా అయిదు కట్టల్లో ఒకటి తీసి, బొట్టు పెట్టి, పసుపుకుంకుమలతో ఆవిడ చేతిలో పెట్టింది. భానుమూర్తిగారు జేబులోంచి పర్సు తీశారు.

“లోపల పెట్టు నాయనా. బసలో వ్యాపారం నిషిద్ధం. ఏ వేళనైనాను.”

“అంటే… ఊరికే తీసుకోవడం… దీన్ని ఏమని…” అని ఆయన గొణిగారు. ఏ గడిలో వేయాలో తెలియని బాధ అది. నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది.

“ఏమనీ వద్దు. పొద్దు పోతోంది, ఇక్కడే వెలిగించుకోండి.”

ఆయన భార్య మా తులసికోట దగ్గరే కట్ట నేతిలో ముంచి వెలిగించింది. మంగతాయారు వచ్చింది, కొత్త మిషను మీద తనే కుట్టుకున్న జాకెట్టుతో. రూతమ్మ టీచరు గోడ మీంచి తొంగి చూస్తూ, ఆ కట్ట తను కట్టిందేనని గుర్తుపట్టింది. మూడువందల అరవై అయిదూ ఒక్కసారి అంటుకుని పెరడంతా పచ్చబడితే, భానుమూర్తిగారు చేతులు జోడించుకుని ఆ నివాస చిహ్నం ముందు చాలాసేపు నిలబడ్డారు.

ఉపవాసం విడిచేవాళ్లని పస్తు పంపడం మా ఇంట్లో లేదు. అందరికీ ఆకులు వేశాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని భానుమూర్తిగారు కొంచెం ఆగారు. “ఆ రోజు వచ్చిన వాసన… ఇదే కదూ?”

“బెండకాయ పులుసు,” అన్నారు మా ఆయన, రెండు నెలలుగా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్న మనిషిలాగా. “రికార్డు సరిచేసుకోండి.”

వెళ్లేటప్పుడు భానుమూర్తిగారు అలవాటు చొప్పున సందర్శకుల పుస్తకం అడిగారు. వెనక గుమ్మానికి పుస్తకం లేదండీ అన్నాను. అయినా రాయనిదే కదిలేలా లేరు. ముందు వరండాలోంచి తెచ్చి ఇచ్చాను. పేరు రాశారు. చూడవలసిన వ్యక్తి దగ్గర ఆలోచించి ‘మామ్మగారు’ అని రాశారు. పని అన్న చోట ‘వత్తులు’ అని రాసి, కలం మూసి, మళ్లీ తెరిచి, పక్కన ఇంకో రెండు మాటలు చేర్చారు.

ఆయన వెళ్లాక చూశాం. ‘వత్తులు. భోజనం కూడా.’ చోటు చాలక ‘కూడా’ పక్క గడిలోకి వెళ్లింది.